తడి ఆరని పొయ్యిగట్టు

సున్నం పనివాళ్ళకు నిప్పంటే పడదు. కోమావకు మరీ పడదు. సముద్రం ఒడ్డున ఉన్న పైలోస్ పట్నంలో, రాజుగారి పెద్ద చావడిలో పొయ్యిగట్టుకు ముప్పై ఏళ్ళుగా పూత వేస్తున్నది అతనే. నాలుగు స్తంభాల నడుమ, ఇద్దరు మనుషులు వరసగా పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత గుండ్రటి పొయ్యి అది. ఏటా ఎండలు ముదరకముందే పాత పూత గీకేసి, కొత్త సున్నం పట్టించి, గులకరాయితో అద్దంలా రుద్ది, చుట్టూ ఎర్రటి మంటలు రాసి, నల్లటి అంచు దిద్దుతాడు. దిద్దిన పది రోజులకే ఎద్దు కొవ్వు చిట్లి, ద్రాక్షసారా ఒలికి, పొగచూరి, అతను రాసింది మంటలా, మసా అన్నది తెలియకుండా పోతుంది.

"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి తీసుకెళ్ళి బొగ్గులకొట్లో కూర్చోబెట్టినట్టుంది నా పని" అని వాపోయేవాడు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అతను మాత్రం నిజంగానే అనేవాడు. అతని దృష్టిలో పొయ్యి అంటే గట్టు. నిప్పు దాన్ని పాడుచేయడానికి వచ్చే చుట్టం. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగినదానికంతటికీ మూలం ఈ ఒక్క ఆలోచనే. తెలివితక్కువవాడు చేసే తప్పు కాదది. తన పనిని ప్రాణంగా చూసుకునేవాడు చేసే తప్పు.

కోమావకు భార్య లేదు. ఉన్నది ఒక్క కూతురు, వోర్దియా. ఇరవై రెండేళ్ళ పిల్ల, కోట నేతశాలలో అంచులు నేస్తుంది. ఊదారంగు నూలు ఆమె చేతిలో పడితే సముద్రం పొద్దుటిపూట ఒకలా, సాయంత్రం ఒకలా ఉన్నట్టు బట్ట అంచు కూడా వెలుగును బట్టి మారుతుందని చెప్పుకునేవాళ్ళు. అంత పేరు రాకుండా ఉంటే బాగుండేది. ఆ ఏడు రాజుగారు తూర్పు సముద్రం అవతల ఎవరో దొరతో స్నేహం కలుపుకున్నారు. స్నేహానికి గుర్తుగా నూనె జాడీలు, కంచు కత్తులు, వాటితోపాటు ఏడుగురు నేతగత్తెలను పంపాలని నిశ్చయమైంది. ఏడో పేరు వోర్దియాది. అలా వెళ్ళిన ఆడవాళ్ళు తిరిగొచ్చినట్టు ఊళ్ళో ఎవరూ వినలేదు. జాడీలు కూడా తిరిగిరావు కదా.

ఓడ రేవులోకి వచ్చి తొమ్మిది రోజులైంది. ఉత్తరపు గాలి లేక ఆగిపోయింది. దక్షిణం నుంచి వీస్తున్న గాలి ముద్దముద్దగా, తడితడిగా, ఇంట్లో ఉప్పును కూడా నీళ్ళు చేస్తూ ఊరి మీద కూర్చుంది.

తప్పించుకునే దారి ఒకటే. రాజుగారి పొయ్యి దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నవాళ్ళను ఎవరూ చెయ్యి పట్టి లేపకూడదు. రాజు వాళ్ళ మాట వినాలి. ఇవ్వగలిగింది ఇవ్వాలి. అడిగింది చేతికి అందేదాకా వాళ్ళను అక్కణ్ణించి కదపకూడదు. హత్య చేసి వచ్చినవాడికైనా ఇదే మర్యాద. అయితే పొయ్యి దాకా చేరడమే గగనం. ఆవరణలో ఒక కావలి, వసారాలో ఒక కావలి, లోగదిలో మరొక కావలి. సున్నపు కాళ్ళవాడికీ, నూలు చేతులదానికీ ఏడాది పొడుగునా ఆ గడప దాటే యోగం లేదు.

ఒక్క పూత రోజుల్లో తప్ప. ఆ నాలుగైదు రోజులూ రాజుగారు చావడికి రారు. కావలివాళ్ళు వసారాలో కూర్చుని పాచికలు వేసుకుంటారు. కోమావ తట్టలూ కుండలూ మోయించుకుంటూ తన పెరట్లో తిరిగినట్టు తిరుగుతాడు. పూత రుద్దడానికి ఇంటి ఆడవాళ్ళను తెచ్చుకోవడం ఆనవాయితీ.

"చూశావా, పొయ్యి దేవతే మన కోసం రోజులు లెక్కపెట్టి ఉంచింది" అన్నాడు కోమావ కూతురితో.

పూత మొదలైన మూడో రోజు పొద్దున ఏడుగురినీ ఓడపెద్దకు అప్పగిస్తారనగా, తెల్లవారకముందే వోర్దియా తలకు గుడ్డ చుట్టుకుని, ముఖానికి సున్నం పూసుకుని, నెత్తిన ఇసుక తట్టతో తండ్రి వెనక చావడిలోకి వచ్చేసింది. కావలివాడు పాచికల మీంచి తల ఎత్తలేదు.

లోపల అన్నీ అతని చేతి పనులే. నేల మీద గళ్ళు, ఒక గడిలో ఎనిమిది కాళ్ళు చాచిన సముద్రజీవి, స్తంభాల పాదాలకు కడియాల్లా పూసిన సున్నపు పట్టీలు. కుడిగోడకు ఆనించిన సింహాసనానికి అటూ ఇటూ గోడ మీద రెక్కల సింహాలు కూర్చుని ఉన్నాయి. వాటి గోళ్ళు కూడా కిందటేడు అతనే దిద్దాడు. నడిమధ్య పొయ్యి మాత్రం బోడిగా ఉంది. బూడిదంతా ఎత్తేశారు. గట్టు తెల్లగా, సగం చుట్టూ ఎర్రటి మంటలతో, తడిగా మెరుస్తోంది.

వోర్దియా తట్ట దించి కాసేపు చూసింది.

"నాన్నా, ఇందులో నిప్పు లేదుగా."

"పూత వేసేటప్పుడు నిప్పెలా ఉంటుందే. తాళాలమ్మ తీసుకెళ్ళింది."

"మరి నిప్పు లేని పొయ్యి దగ్గర కూర్చుంటే చెల్లుతుందా?"

"నిప్పుదేముంది, వస్తుంది, పోతుంది. పొయ్యి ఎక్కడికి పోతుంది? ముప్పై ఏళ్ళుగా దీన్ని తడుముతున్నాను, ఏది పొయ్యో నాకు తెలీదా? నువ్వు పుట్టకముందు నుంచీ ఇది ఇక్కడే ఉంది."

"నేను పుట్టకముందు నుంచీ నీ మొండితనం కూడా ఉంది" అంది వోర్దియా. కానీ నవ్వింది. తండ్రి పనిలో అతని మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు. "ఎక్కడ కూర్చోను? అంతా పచ్చిగానే ఉందే."

కోమావ గట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. సింహాసనానికి ఎదురుగా ఉన్న భాగం ముందు రోజు పొద్దున రాసింది. మామూలు ఏడైతే ఈపాటికి ఎండేది. వేలితో నొక్కితే వేలి ముద్ర పడింది. ఇంకో రోజైతే ఎవరైనా అక్కడ చెయ్యి పెడితే చెయ్యి విరగ్గొట్టి ఉండేవాడు.

"ఇక్కడ కూర్చో. రాజుగారు రాగానే కంటబడాలి. గుంట పడితే పడనీ" అన్నాడు.

ఆమె కూర్చుంది. గట్టు మెత్తగా కుంగింది. రెండు ఎర్రటి మంటలు ఆమె పావడా కింద చెరిగిపోయాయి. కోమావ చూసి కూడా చూడనట్టు కుంచె తీసుకుని అవతలి వైపుకు పోయాడు.

పొద్దెక్కాక బయట కేకలు వినబడ్డాయి. ఓడపెద్ద మనుషులు ఏడో మనిషి కోసం నేతశాల, బట్టలకొట్టు, నూనెగదులు గాలిస్తున్నారు. తరవాత తాళాలగుత్తి చప్పుడైంది. గుడి తాళాలూ చావడి తాళాలూ మోసే మెనెయా లోపలికి వచ్చింది. అందరూ తాళాలమ్మ అనేవాళ్ళు. డెబ్బై ఏళ్ళ ముసలామె, మోకాళ్ళు పట్టేసి పక్కకు ఒరిగి నడుస్తుంది. పొయ్యి నిప్పు ఆమె బాధ్యత. దాన్ని తీసేదీ ఆమే, తిరిగి పెట్టేదీ ఆమే.

గట్టు మీద కూర్చున్న పిల్లను చూసింది. కింద పడ్డ గుంటను చూసింది. కోమావను చూసింది.

"ఏమయ్యా, ఇదేం పని?"

"నా కూతురమ్మా. పొయ్యి దగ్గర కూర్చుంది. రాజుగారికి కబురు చెయ్యండి" అన్నాడు కోమావ. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది, ఏం లాభం.

"పొయ్యి ఏది?"

"ఇదే కదమ్మా."

"ఇది సున్నం" అంది తాళాలమ్మ. కసురుకోలేదు, మెల్లగానే చెప్పింది. "పొయ్యి చిన్న చావడిలో ఉంది. రాణిగారి దగ్గర. మొన్న నేనే కుండలో పెట్టుకుని మోసుకుపోయాను. నిప్పు ఎక్కడుంటే దేవత అక్కడ. నువ్వు దీనికి రంగేసేవాడివి, నీకు ఇది చెప్పాల్సి వస్తుందనుకోలేదు."

కోమావ కుంచె కుండలో పెట్టేశాడు. వోర్దియా నెమ్మదిగా అడిగింది.

"చిన్న చావడిలోనా? మూల పొయ్యిలోనా?"

"అక్కడే."

"నిన్న పొద్దున నేను అక్కడే ఉన్నాను. రాణిగారి దుప్పటి ఇవ్వడానికి వెళ్ళాను. దానికి ఇంత దూరంలో నించున్నాను." ఆమె రెండు చేతులూ చాచి దూరం చూపించింది. "వెచ్చగా ఉందనుకున్నాను."

ముప్పై ఏళ్ళ పనితనం మీద కోమావకు ఉమ్మెయ్యాలనిపించింది. మగవాళ్ళకు ప్రవేశం లేదు గానీ, నేతగత్తెలు బట్టలు పట్టుకుని రోజూ వెళ్ళే చోటు అది. కావలి లేదు, ఆటంకం లేదు. నడుం వంచి కూర్చుంటే అయిపోయేది. ఆ మాట కూతురికి తట్టకపోలేదు, నిప్పు లేదుగా అని అడిగింది కూడా. నోరు మూయించింది తనే.

"ఇప్పుడు వెళుతుందమ్మా. తీసుకెళ్ళండి" అన్నాడు.

"ఆవరణ దాటాలి. ఓడ మనుషులు గడప అవతలే ఉన్నారు. ఒకసారి చెయ్యి పట్టుకున్నారంటే ఆ పైన నిప్పులో కూర్చున్నా చెల్లదు. ఆ సంగతి నీకూ తెలుసు."

"మరి ఆ నిప్పే ఇటు తెచ్చెయ్యండి."

"గట్టు నిండుగా ఉండాలి, పొడిగా ఉండాలి. అప్పుడే నిప్పు తిరిగొచ్చేది. నువ్వేమో నిండుగా ఉన్నదాన్ని గుంట చేయించావు."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. తాళాలమ్మ స్తంభానికి ఆనుకుని చాలాసేపు ఆలోచించింది. కటిక గుండె మనిషేం కాదు. పిల్లలు లేని మనిషి, వోర్దియా నేసిన అంచుబట్టే ఆ రోజూ కట్టుకుని ఉంది.

"చూడు కోమావా. చావడిలో ఆడపిల్లను చెయ్యి పట్టి లాగే పని నాది కాదు. సున్నం ఆరుతోంది, తలుపు తియ్యకూడదని ఓడపెద్దతో చెబుతాను. బయట తాళం వేస్తాను. రేపు మధ్యాహ్నం దాకా ఆపగలను. ఆ పైన నా వల్ల కాదు, అతని దగ్గర రాజుగారి ముద్ర ఉంది. ఈలోగా గట్టు ఆరిందా, నిప్పు తెచ్చి పెడతాను. నిప్పు పక్కన అమ్మాయి కూర్చుని ఉంటే ఇంక లోకంలో ఎవడూ ముట్టుకోలేడు."

"రేపు మధ్యాహ్నానికా?"

"నీ పనే కదయ్యా. ఆరబెట్టు."

తలుపులు మూసుకున్నాయి. తాళం పడింది. ఉన్న కాస్త గాలి కూడా ఆగిపోయింది.

కోమావ పని మొదలుపెట్టాడు. కూతురు కూర్చున్న మేర ఉలితో గీకి తీసేశాడు. సున్నంలో నీళ్ళు తగ్గించాడు, పెంకులు మెత్తగా నూరి కలిపాడు. పెంకుపొడి తడి తాగుతుంది. మందంగా పూయడానికి చేతులు పోతున్నా పట్టుకుని, పల్చగా, మళ్ళీ పల్చగా, నాలుగు సార్లు పూశాడు. భుజాన ఉన్న ఉన్నిగుడ్డ తీసి మెత్తగా అద్దుతూ చెమ్మ లాగాడు. వోర్దియా తట్టను విసనకర్రలా పట్టుకుని విసురుతూ కూర్చుంది. నేసే చేతులు కాబట్టి అలసట తెలియకుండా ఒకే తీరుగా విసిరింది.

"మొత్తానికి నీ దగ్గర పనికి కుదిరాను నాన్నా. చిన్నప్పుడు రమ్మంటే రానన్నాను."

"ఇప్పుడూ బాగా చెయ్యడంలేదులే" అన్నాడు కోమావ. కళ్ళు తుడుచుకున్నాడు. సున్నం కళ్ళలో పడితే మండుతుంది, అదొక సాకు.

సున్నానికి తొందర తెలియదు. ఎంత పనిమంతుడైనా దాన్ని పూయగలడు, రుద్దగలడు, గుంట పూడ్చగలడు. ఆరమని మాత్రం చెప్పలేడు. కోమావ ఈ మాట తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు వందసార్లు చెప్పి ఉంటాడు, గొప్పగా చెప్పేవాడు కూడా. తొందరపడితే సున్నం నవ్వుతుంది అనేవాడు. ఇప్పుడు తనే మోకాళ్ళ మీద పడి దాన్ని బతిమాలుతున్నాడు. చావడిలో మరో నిప్పు వెలిగించడానికి లేదు. పై కప్పులో పొగగూటి నుంచి దిగేది చెమ్మగాలే. గోడల మీది సింహాల ముఖాలకు కూడా చెమట పట్టింది.

"ఉత్తరపు గాలి రావాలి. ఒక్క పూట వీస్తే చాలు. తల్లీ, గాలుల తల్లీ, ఒక్క పూట" అని గొణిగాడు.

వోర్దియా విసరడం ఆపింది.

"నాన్నా, ఆ గాలి కోసమే ఓడవాళ్ళు నిన్న మేకను కోశారు."

ఆ సంగతి అతనికి అప్పటిదాకా తోచలేదు. గాలి వస్తే గట్టు ఆరుతుంది, గాలి వస్తే ఓడా కదులుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అతను నేల మీద చతికిలపడి వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. మధ్యాహ్నం లోపు వస్తే పిల్ల నిప్పు పక్కన ఉంటుంది, ఓడ ఆరుగురితో పోతుంది. అసలు రాకపోతే పిల్లను ఓడలో కూర్చోబెడతారు, కానీ ఓడ రేవులోనే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక వస్తే అంతా పోతుంది.

"మధ్యాహ్నం లోపు రా. లేదంటే అసలు రాకు" అన్నాడు పొగగూటి వైపు చూసి.

"దేవతలతో బేరమా?" అంది వోర్దియా.

"మరేం చెయ్యమంటావే నన్ను?"

ఆమె తట్ట పక్కన పెట్టి వచ్చి తండ్రి పక్కన కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న సున్నం పుల్లతో తియ్యడం మొదలుపెట్టింది. తల్లి పోయినప్పటినుంచీ ఆ పని ఆమెదే.

"ఎవరు తీస్తారో ఇక" అంది కాసేపయ్యాక. కోమావ చెయ్యి వెనక్కి లాక్కుని మళ్ళీ గట్టు దగ్గరికి పోయాడు.

రాత్రి ఎలా గడిచిందో చెప్పడం అనవసరం. తెల్లవారేసరికి గట్టు చుట్టూ మంటలు నిండాయి. చెరిగిన రెండు మంటలను మళ్ళీ రాశాడు. మిగతావాటికంటే అవే బాగా వచ్చాయి. చేతికి బుద్ధి ఉండదు, ఏడుస్తూ రాసినా బాగానే రాస్తుంది. పొద్దెక్కేకొద్దీ ఒక్కో వైపూ తెల్లబడుతూ వచ్చింది. కొత్తగా పూసిన మేర మాత్రం బూడిదరంగు వదలలేదు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ దానికి ముఖాలు దగ్గర పెట్టి ఊపిరితో ఊదారు. ఊపిరిలోనూ తడి ఉంటుందని గుర్తొచ్చి కోమావ ఆమెను ఆపాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక తాళం తీసిన చప్పుడైంది. తాళాలమ్మ యవలపిండి గిన్నెతో వచ్చింది. ఆమె వెనక గడప దగ్గరే ఓడపెద్ద ఆగాడు. నడివయసు మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం, ఇన్ని రోజులుగా గాలి కోసం చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు.

గట్టు ఆరిందో లేదో చూడటానికి పాతకాలం నుంచీ ఒకటే పద్ధతి. యవలపిండి చల్లి ఊదుతారు. పొడి గట్టు మీద పిండి నిలవదు. తడి ఉంటే అంటుకుపోతుంది.

తాళాలమ్మ గుమ్మం వైపు నుంచి మొదలుపెట్టింది. గుప్పెడు చల్లింది, వంగింది, ఊదింది. పిండి ఎగిరిపోయింది. రెండు అడుగులు జరిగింది. మళ్ళీ ఎగిరిపోయింది. మోకాళ్ళు నొప్పి అంటూ ప్రతి చోటా ఆగింది, అవసరమైనదానికంటే ఎక్కువసేపే ఆగింది. ఓడపెద్ద గొంతు సవరించుకున్నా వినబడనట్టు ఊరుకుంది. చుట్టూ తిరిగి చివరికి సింహాసనం ఎదురుగా వచ్చింది. చల్లింది. ఊదింది.

పిండి కదలలేదు. ఇంకోసారి ఊదింది. చుట్టుపక్కల పిండి ఎగిరిపోయి, వోర్దియా కూర్చున్న మేర మాత్రం తెల్లగా మిగిలింది. ఆడమనిషి కూర్చుని లేచిన ఆకారమే, ఎక్కడా తేడా లేదు.

"ఆరిందనండి అమ్మా" అన్నాడు కోమావ ఆమెకు మాత్రమే వినబడేలా. "ఇంత మేరే కదా. ఆరిందని ఒక్క మాట అనండి."

"అనగలను. నిప్పు కూడా పెట్టగలను. తడి సున్నం మీద నిప్పు పెడితే ఏమవుతుందో చెప్పు."

కోమావ పిండి అంటిన మేరను వేలితో తడిమాడు.

"చెప్పవయ్యా."

"పేలుతుంది."

"రాజుగారి ముందు పొయ్యి పేలితే దాని పక్కన కూర్చున్న పిల్లను ఏమంటారు? దేవత ఒద్దందంటారు. ఓడ కంటే ఘోరమైన చోటికి పంపుతారు."

అది నిజం. ఆ చావడిలో ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు కోమావే.

వోర్దియా తనంతట తనే లేచింది. పావడాకు అంటిన సున్నం దులుపుకుంది. తండ్రి దగ్గరికి వచ్చి అతని ముఖం రెండు చేతుల్లో పట్టుకుంది.

"నువ్వు కావాలని చేశావా ఏం? ఊరుకో. తిండి మానెయ్యకు. వెళ్ళొస్తాను నాన్నా."

ఓడపెద్ద ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. ఆ పట్టుతో ఆమె హక్కు తీరిపోయింది.

వాళ్ళు రేవు దారిలో సగం దూరం పోయి ఉంటారు. పొగగూటి మట్టిగొట్టం హోరుమంది. కోమావ తల ఎత్తి చూశాడు. ఉత్తరం నుంచి గాలి, పొడిగా, కొండల మీది ఎండుగడ్డి వాసనతో, తెరిచిన తలుపుల్లోంచి చావడంతా తిరిగింది. అతని కళ్ళ ముందే గట్టు మీది బూడిదరంగు అంచుల నుంచి లోపలికి తెల్లబడుతూ వచ్చింది. కొంతసేపటికి అంటుకున్న పిండి దానంతట అదే రాలిపోయింది.

"ఇప్పుడా రావడం" అన్నాడు.

సాయంత్రం నిప్పు తిరిగొచ్చింది. తాళాలమ్మ కుండతో ముందు నడిచింది. వెనక రాజుగారు, కొలువు పెద్దలు. మొదటి మంట లేచేటప్పుడు పూతపనివాడు గట్టుకు చెవి ఆనించి పగులు వినబడుతుందేమో చూడాలి. ఏడాదికి ఆ ఒక్క ఘడియే అతను పొయ్యి దగ్గర, రాజు ఎదుట ఉండే సమయం. ఎండుపుల్లలు అంటుకున్నాయి. దేవదారు దుంగ అంటుకుంది. గట్టులో ఎక్కడా పగులు వినబడలేదు. ఇంత మంచి పూత ఎన్నడూ చూడలేదని ఎవరో పెద్దమనిషి అన్నాడు.

కోమావ లేవలేదు. చెవి తీసి, నిప్పు వైపు వీపు పెట్టి, నేల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పెద్దలంతా అతని వైపు తిరిగారు. ముప్పై ఏళ్ళలో అతను మొదటిసారి రాజు ముఖం సూటిగా చూశాడు. లావుపాటి మనిషి, కళ్ళ కింద ఉబ్బు, నిద్ర చాలనట్టుంది.

"ఏం కావాలి నీకు?" అన్నారు రాజుగారు, అడగవలసిన పద్ధతిలో.

"నా కూతురు కావాలి దొరా. ఓడెక్కించారు. వోర్దియా దాని పేరు."

రాజుగారు పక్కనున్న పెద్దను అడిగి తెలుసుకున్నారు. ఎవరీ వోర్దియా అనేది కూడా ఆయనకు తెలియదు. ఏడుగురని ఆయన చెప్పారు, ఎవరో ఏడు పేర్లు రాశారు, ఆయన ముద్ర వేశారు.

"ఇంతేనా? ఇచ్చాను. ఏడుకు ఆరైతే ఆ దొర స్నేహమేం చెడిపోదు" అన్నారు. ముసిముసిగా నవ్వారు కూడా. మనిషి మంచివాడే. రథం కట్టించి అప్పటికప్పుడు రేవుకు పంపించారు.

కోమావ ఎదురుచూశాడు. రాజుగారూ ఎదురుచూశారు, పద్ధతి అది. ద్రాక్షసారా గిన్నె చేతికిస్తే కోమావ పక్కన పెట్టుకున్నాడు. రథం పోయినంత వేగంగానే తిరిగొచ్చింది. తోలినవాడు దుమ్ము కొట్టుకుపోయి గడప దగ్గర నిలబడ్డాడు.

"మధ్యాహ్నం గాలి రాగానే తెరచాప ఎత్తేశారంట దొరా. కొండెక్కి చూశాను. సముద్రం మీద ఏమీ లేదు."

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. ఆయనకు నిజంగానే బాధ కలిగినట్టుంది.

"నేను ఇచ్చేశాను కోమావా. కాదనలేదు కదా. అది నా చేతిలో లేకపోతే నన్నేం చెయ్యమంటావు?"

కోమావ తల ఊపాడు. రాజుగారి తప్పేమీ లేదు. తాళాలమ్మ తప్పు లేదు. ఓడపెద్ద తప్పు కూడా లేదు, గాలి వస్తే ఓడ నడపడం అతని పని. ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలని కోమావ చాలా ప్రయత్నించాడు.

వంటవాళ్ళు మాంసం తెచ్చారు. పెద్దలు బల్లల దగ్గర సర్దుకున్నారు. కోమావ లేస్తాడని అందరూ చూశారు, అతను లేవలేదు. అడిగింది చేతికి అందేదాకా పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ణి కదపకూడదు. కావలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాళాలమ్మ అతని ఒళ్ళో ఒక రొట్టె పెట్టి, నిప్పులో మరొక దుంగ వేసి, అతని చుట్టూ తిరిగి పోయింది.